ఐదేళ్ల సర్వైవల్ రేటు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఐదేళ్ల సర్వైవల్ రేటు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. క్యాన్సర్ అని తేలిన నాటి నుంచి ఐదేళ్లకు నూటికి ఎందరు బతికున్నారో చెప్పే అంకె తమరు. తమరి కుశలం అడిగే పనే లేదు. క్యాన్సర్ స్క్రీనింగ్, అంటే ఏ లక్షణాలూ లేనివాళ్లకు ముందే చేసే పరీక్ష, మొదలైన చోటల్లా తమరు దాదాపుగా పెరుగుతారు, చనిపోయేవాళ్లు తగ్గినా తగ్గకపోయినా. ఆ కిటుకు గురించే ఈ ఉత్తరం.

ముందు తమరి గడియారం సంగతి. ఒకాయనకు 66వ ఏట దగ్గు ముదిరి జబ్బు బయటపడింది, 69వ ఏట పోయాడు. తమరి పద్దులో ఆయన ఫెయిల్. అదే మనిషికి 62లోనే స్కాన్‌లో పట్టుకున్నారనుకుందాం. పోయింది మాత్రం 69లోనే. ఇప్పుడు పాస్! అదనంగా ఒక్క రోజు బతికింది లేదు, రోగినని తెలిసి బతికిన నాలుగేళ్లే అదనం. పరిశోధకులు దీన్ని లీడ్ టైమ్ బయాస్ అంటారు. తమరు విజయం అంటారు.

అసలు విద్యంతా హారంలో ఉంది. 100 మంది రోగుల్లో ఐదేళ్లకు 40 మంది మిగిలితే తమరు 40 శాతం. ఎప్పటికీ ప్రాణం తీయని గడ్డలున్న మరో 100 మందిని స్క్రీనింగ్‌లో వెతికి జాబితాకెక్కిస్తే 200కు 140, అంటే 70 శాతం. పోయినవాళ్లు అప్పుడూ 60, ఇప్పుడూ 60.

ఇది కాగితం లెక్క కాదు. దక్షిణ కొరియాలో 1999లో మొదలైన జాతీయ స్క్రీనింగ్‌లో థైరాయిడ్ లేదు. కొద్దిపాటి రుసుముకు ఆస్పత్రులే మెడకు అల్ట్రాసౌండ్ తగిలించాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసుల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లు. మరణాల రేటు ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ అయినవాళ్లలో 11 శాతానికి ఒంట్లో కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి, 2 శాతానికి స్వరతంత్రి చచ్చుబడింది. తమరికేం, గొంతు బొంగురుపోయినా మనిషి బతికే ఉన్నాడుగా!

ఇక ఏడాదికోసారి వేసే వలకు చిక్కేవి ఎక్కువగా నత్తనడక గడ్డలే. ఉరికేవి రెండు పరీక్షల మధ్యే ముదిరిపోతాయి.

పాపం, ఒకచోట తమరికీ అన్యాయం జరగొచ్చు. పెద్దపేగు పరీక్షలో పాలిప్‌ను, అంటే పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండను, క్యాన్సర్ కాకముందే తీసేస్తారు. నెమ్మది రకాలు అలా లెక్కకు రాకుండానే పోతే మిగిలేవి మొండివి. జనంలో మరణాలు తగ్గుతుంటే తమరి మొహం వాడిపోవచ్చు.

విన్నపం ఒక్కటే. స్క్రీనింగ్ పనిచేసిందా అని ఎవరైనా అడిగితే తమరు లేవకండి. ఆ కుర్చీ మరణాల రేటుది. జనాన్ని చీటీలేసినట్టు రెండు గుంపులు చేసి, పరీక్షకు రానివాళ్లనూ వాళ్ల గుంపులోనే ఉంచి, ఆ జబ్బుతో ఎందరు పోయారో ఏళ్లపాటు లెక్కపెట్టాలి. అమెరికాలో బాగా పొగతాగిన 53 వేల మందికి పైగా ఇలాగే విభజించారు. ఛాతీ ఎక్స్‌రే గుంపు కంటే లో-డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. తమరి సాక్ష్యం అవసరం పడలేదు.

ఒకే దశ రోగులకు ఒకేరోజు మొదలుపెట్టిన రెండు మందుల్ని పోల్చేచోట తమరు మర్యాదస్తులే. అక్కడే ఉండండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి హారంలోకి ఎప్పుడు లాగబడతామో తెలియని ఆరోగ్యవంతులు