బొమ్మలు నేర్చుకోవడానికి టాబ్లెట్ సరిపోతుందా, కాగితమే కావాలా?

తీరిక వేళల్లో ప్రకృతి దృశ్యాలు, మనుషుల ముఖాలు గీయాలని ఆశపడేవాళ్లు నేరుగా టాబ్లెట్ మీద మొదలుపెట్టొచ్చా అన్నదే ఇక్కడ గొడవ. ఒకరిది పెన్సిల్ పక్షం, ఇంకొకరిది స్టైలస్, అంటే టాబ్లెట్ మీద గీసే పెన్ను పక్షం.

పెన్సిల్: టాబ్లెట్ మీద గీసేవాళ్ల పక్కన ఎప్పుడైనా కూర్చుని చూశావా? గీత గీస్తారు, నచ్చదు, గీసింది ఒక్క నొక్కుతో వెనక్కి తీసేసే అన్‌డూ, మళ్లీ గీస్తారు, మళ్లీ అన్‌డూ. కనుబొమ దగ్గరే అరగంట పోతుంది, ముఖం మాత్రం ముందుకు కదలదు. కాగితం మీదైతే తప్పు గీత అక్కడే ఉంటుంది, దాన్ని చూసే సరైన గీత ఎంత జరిపి వేయాలో తెలుస్తుంది. అది మాయమైతే నీకు మిగిలే ఆధారం ఏంటి?

స్టైలస్: మాయం చేయమని ఎవరన్నారు? నేను మొదటి స్కెచ్‌ని ఒక లేయర్‌లో, అంటే పారదర్శకమైన కాగితం లాంటి పొరలో వేసి, దాన్ని లేతగా చేసి, పైన ఇంకో లేయర్ పెట్టుకుని సరిదిద్దుతాను. తప్పు గీత కిందే కనిపిస్తూ ఉంటుంది. పైగా బొమ్మని అద్దంలోలాగా కుడిఎడమలు మార్చి చూడొచ్చు, క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఎమ్ కీ నొక్కితే చాలు. ఒక కన్ను పైకి పోయిందా, దవడ పక్కకి జారిందా అన్నది వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే గంటసేపు చూసిన బొమ్మకి మన కన్ను అలవాటుపడిపోయి ఉంటుంది. వేసిన బొమ్మని అద్దంలో చూసుకోమని లియొనార్డో డావిన్సీ కూడా రాసిపెట్టాడు కదా, అదే ఇది.

పెన్సిల్: సరే, మరి జూమ్? పెద్దవాళ్ల ముఖంలో కళ్లు నడినెత్తికీ గడ్డానికీ దాదాపు సగంలో ఉంటాయి. కొత్తవాళ్లు చాలామంది పైకి పెట్టేస్తారు, జుట్టు కింద ఎంత తల ఉందో పట్టించుకోరు. జూమ్ చేసి కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే గీస్తుంటే తల మొత్తం కనిపించనే కనిపించదు, ఇక కొలత ఎలా కుదురుతుంది?

స్టైలస్: జూమ్ విషయంలో నీతో వాదించను. తల ఆకారం, వెలుగునీడలు కుదిరేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

పెన్సిల్: తాకిన చోటి రంగుని అలాగే పట్టిచ్చే కలర్ పికర్ ఇంకా ఘోరం. దూరపు కొండ నీలంగా, పాలిపోయి ఎందుకుంటుంది? మనకీ దానికీ మధ్య ఉన్న గాలి వెలుతురుని చెదరగొడుతుంది, అందులో నీలం ఎక్కువగా చెదురుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ ముదురు చోట్లు కూడా తేలిపోతాయి. ఇది చూసి తెలుసుకోవాల్సింది. ఫొటో మీద పికర్ పెట్టి రంగు లాగేవాడికి ఇదంతా అక్కర్లేదు, కెమెరా నల్లగా చేసేసిన నీడని అలాగే తెచ్చి నింపుతాడు, చెట్టు కింద గొయ్యి ఉన్నట్టు కనిపిస్తుంది.

స్టైలస్: అందుకే బయటికెళ్లి చూసి గీయమంటాను. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ డెబ్బై దాటాక ఐఫోన్, ఐప్యాడ్ పట్టుకున్నాడు. మంచం మీంచే సూర్యోదయాలు గీశాడు, దీపం అవసరం లేదు, తెరకే వెలుగుంది కదా. 2011లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో వసంతం రావడాన్ని ఐప్యాడ్ మీద వరసగా వేశాడు.

పెన్సిల్: అతనికి అప్పటికే యాభై ఏళ్లకు పైగా చెయ్యి తిరిగి ఉంది! ఈరోజు మొదలుపెట్టేవాడికి అతన్ని చూపించడం న్యాయం కాదు. పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనపడదు, బ్రైట్‌నెస్ దానంతటదే మారుతుంటే ఏది ముదురో ఏది లేతో లెక్క తప్పుతుంది.

స్టైలస్: నీడలో కూర్చుని ఆటో బ్రైట్‌నెస్ ఆపేస్తే ఆ చిక్కు చాలావరకు పోతుంది. పని నుంచి అలసి వచ్చినవాడి సంగతి ఆలోచించు. రంగులు పరుచుకుని, కుంచెలు కడుక్కోవాలంటే ఆ రోజుకి మానేస్తాడు. టాబ్లెట్ అయితే ఉన్న పది నిమిషాల్లోనే ఏదో ఒకటి గీస్తాడు. రోజూ గీయడం కంటే పెద్ద పాఠం ఏముంది?

పెన్సిల్: రోజూ గీయనీ, ఒకే బ్రష్, ఒకే లేయర్‌తో, అన్‌డూ లేకుండా గీయమను. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

స్టైలస్: ముఖాలకైతే ఆ షరతుకి ఒప్పుకుంటాను, ఎదుటి మనిషి కాసేపైనా కదలకుండా కూర్చుంటాడు. సాయంత్రం ఆకాశం అలా ఆగదు. మబ్బు కదిలిపోయేలోపు ఆకాశం ఒక లేయర్‌లో, నేల ఇంకో లేయర్‌లో పట్టుకోవాలి, అక్కడ లేయర్లు వదులుకోను.

పెన్సిల్: ఆకాశానికి లేయర్ ఉంచుకో. అన్‌డూ మాత్రం అక్కడ కూడా వద్దు.