అయిపోయినాక చెప్పు

డిసెంబరులో నా ఫోనులోని పాటల యాప్, ఏడాది పొడుగునా నేను విన్నవాటి లెక్కను రంగురంగుల బొమ్మలతో తీసి చూపించింది. హైదరాబాద్ మెట్రోలో నాగోలులో ఎక్కి రాయదుర్గంలో దిగేవాణ్ణి కనుక, రానూ పోనూ కలిపి రోజుకు దాదాపు రెండు గంటలు నా చెవులు ఇయర్‌ఫోన్లకే అంకితం. అన్ని గంటల్లో నేను ఎక్కువగా విన్న ఐదుగురిలో నలుగురు, నేను పదో తరగతి పూర్తి చేసేనాటికే నాకు కంఠతా వచ్చినవారు. ఐదో వ్యక్తి ఒక యువ గాయని. కొత్త గొంతు ఒకటైనా ఉందని సంతోషించబోయి చూస్తే, ఆమె పాడినవి కూడా ఆ నలుగురి పాటలే. మూడు దశాబ్దాలకు పైగా నా చెవి ఒకే గదిలో కూర్చుని ఉందని, అదీ అభినందనలతో సహా, ఒక యంత్రం చెప్పవలసి వచ్చింది.

ఇది చదివి నవ్వేవారు, పోయిన నెల ఫంక్షన్ హాలులో భోజనాల వరుసలో నిలబడి ఏమన్నారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. "ఇప్పుడు మంచి పాటలు ఎక్కడ వస్తున్నాయండీ" అన్న మాట మా వయసువాళ్ళు నలుగురు కలిస్తే తప్పకుండా వస్తుంది. నేనూ అన్నాను, ఒకసారి కాదు, వందసార్లు అన్నాను. కొత్త పాటల్ని ఎన్నిటిని చివరిదాకా విని ఆ తీర్పు చెప్పామని ఎవరైనా నిలదీస్తే మాత్రం మనలో ఒక్కరి దగ్గరా సమాధానం ఉండదు. పల్లవి రాకముందే బొటనవేలితో పక్కకు తోసేసి, పాటలు బాగా లేవనడం, అన్నం ముట్టకుండా వంటకు వంక పెట్టడం లాంటిదే.

అసలు విషయం ఆ బొటనవేలి దగ్గరే ఉందని నా అభిప్రాయం. యాప్ చేసే పని పెద్ద రహస్యమేమీ కాదు. మీరు విన్న పాటలనే విన్న మరి కొన్ని లక్షల మంది ఇంకా ఏమి విన్నారో చూసి, అది తెచ్చి మీ ముందు పెడుతుంది. మీరు దేన్ని మధ్యలో వదిలేశారో గమనించి అలాంటివి తగ్గిస్తుంది. అంటే నాకు నచ్చనిది నా కంట పడకుండా చూడడమే దాని ఉద్యోగం, ఆ ఉద్యోగం అది చక్కగా చేస్తోంది. స్పాటిఫైలో పాటను కనీసం ముప్పై సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క కనుక, ఆ ముప్పై సెకన్లలోపే శ్రోతను పట్టేయాలన్న తొందర పాట కట్టేవారికి కూడా పుట్టింది. సాంకేతికత సంగీతాన్ని కత్తిరించడం ఇది మొదటిసారి కాదన్నది నిజమే. 1902లో గాయని గౌహర్ జాన్ కలకత్తాలో రికార్డులు ఇచ్చిన నాటి నుంచి, గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించడం గాయకులు నేర్చుకున్నారు. కానీ ఆ మూడు నిమిషాలూ శ్రోత కదలకుండా కూర్చునేవాడు, ఎందుకంటే రికార్డు మార్చాలంటే లేచి వెళ్ళాలి. సంగీత చరిత్రలో బద్ధకం చేసిన మేలును ఎవరూ సరిగా గుర్తించలేదు.

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా మేనమామ ఇంట్లో ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. దాని మీద అధికారం ఆయనది, వినే బాధ్యత మాది. పొద్దున భక్తిరంజని, మధ్యాహ్నం సినిమా పాటలు, శనివారం రాత్రి అందరూ పడుకునే వేళకు ఢిల్లీ నుంచి వచ్చే సంగీత కార్యక్రమం. నెలకొకసారి త్యాగరాయ గానసభకు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళేవాడు. అక్కడ ఒకసారి తనియావర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలు కాగానే నేను విసుగుతో కుర్చీలో మెలికలు తిరుగుతూ, "మామయ్యా, నాకు నచ్చలేదు, పోదాం" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నచ్చలేదా? సరే, నచ్చకపోతే తప్పు లేదు. అయిపోయినాక చెప్పు" అన్నాడు. అయిపోయిన తరువాత కూడా నచ్చలేదనే చెప్పాను. కానీ మృదంగం చివర్లో మూడుసార్లు తిరిగి వచ్చి సమం మీద వాలినప్పుడు సభ అంతా ఒక్కసారిగా తల ఊపడం మాత్రం నాతో ఇంటికి వచ్చింది.

బలవంతం మంచిదని నేను అనడం లేదు, అది ఎలా వికటిస్తుందో ఆకాశవాణి చరిత్రే చెబుతుంది. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్, జనం అభిరుచిని బాగు చేయాలన్న పట్టుదలతో సినిమా పాటలకు కళ్ళెం వేసి శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. జనం అభిరుచి బాగుపడలేదు, ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో, సినిమా పాటలు వేసే ఆకాశవాణి విభాగంగా వివిధభారతి పుట్టవలసి వచ్చింది. మంత్రిగారు వినమన్నది, మా మామయ్య వినమన్నది ఒకటే సంగీతం. తేడా ఏమిటంటే మామయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడు, తాళం వేస్తూ నా తొడ మీద కూడా వేశాడు, తిరిగి వచ్చేటప్పుడు మిర్చిబజ్జీలు కొనిపెట్టాడు. కొత్త సంగీతం దాదాపు ఎప్పుడూ ఒక మనిషిని పట్టుకునే వస్తుంది. ఆ మనిషి మీద ఇష్టం కొద్దీ ఆ నచ్చని అరగంట ఓర్చుకుంటాం. యాప్‌లో కోట్ల పాటలున్నాయి, ఆ మనిషి లేడు.

హిందుస్తానీ గాత్రం విషయంలో నాకు జరిగింది చెబుతాను. మొదటిసారి ఒక ఖయాల్, అంటే రాగాన్ని నిదానంగా విప్పుతూ పాడే పాట, విన్నప్పుడు, ఈయన ఇంకా గొంతు సవరించుకుంటున్నాడు, పాట ఎప్పుడు మొదలు పెడతాడు అని పదిహేను నిమిషాలు ఎదురు చూసి కట్టేశాను. కొన్నేళ్ళ తరువాత ఆఫీసులో ఒక సహోద్యోగి, బీదరు వైపు వ్యక్తి, "మీకు హిందోళం తెలుసు కదా, ఇది అదే, మా పేరు మాల్కౌన్స్" అన్నాడు. సామజవరగమన ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ ఐదు స్వరాలూ చెవిలో ఉన్నాయి కనుక, ఈసారి ఆ నిదానమంతా గొంతు సవరించుకోవడంలా అనిపించలేదు. తెలిసిన ఇంటిని ఎవరో ఒక్కో గదీ దీపం పట్టుకుని చూపిస్తున్నట్టు అనిపించింది. (పేరు చూసి మోసపోకండి, హిందుస్తానీలో హిందోల్ అన్నది వేరే రాగం, నేను మోసపోయాను.) అక్కడి నుంచి కల్యాణి పట్టుకుని యమన్‌కూ, మోహనం పట్టుకుని భూపాలీకీ వెళ్ళాను. తెలిసిన ఒక్క స్వరమో, వాద్యమో చేతిలో ఉంటే చాలు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్‌ను ఇష్టపడేవారు, ఆయన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాలిన్‌తో కలిసి వాయించినవి వింటే, జాజ్ అన్న మాటకు ఇక భయపడనక్కరలేదు.

అప్పుడు తెలిసి సిగ్గుపడిన సంగతి మరొకటి ఉంది. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిపింది మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. 1968 ఏప్రిల్‌లో అక్కడే కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది. కాలేజీ రోజుల్లో నేను మూడేళ్ళు ఆ బషీర్‌బాగ్ చౌరస్తాలోనే బస్సు మారాను.

సంప్రదాయం పేరు చెప్పి చెవులు మూసుకునేవారికి కూడా ఒక మాట. కర్ణాటక కచేరీలో వయొలిన్ లేకుండా ఊహించగలరా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి ఒక ఐరోపా వ్యక్తి దగ్గర ఆ వాద్యం నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. దీక్షితులవారు స్వయంగా, ఈస్టిండియా కంపెనీ వారి బ్యాండు వాయించే వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలని ఇప్పటికీ పిల్లలకు నేర్పేవి అవే. ఆయన "మన పాటల ముందు ఇవేమి పాటలు" అని పక్కకు తోసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

1968లోనే రాబర్ట్ జాయోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అర్థం తెలియని మాటల్నీ గుర్తుల్నీ మనుషులకు పదేపదే చూపించి, ఎక్కువసార్లు కనిపించినదాన్నే వారు ఎక్కువగా ఇష్టపడుతున్నారని గమనించాడు. ఎఫ్‌ఎమ్ స్టేషన్లు ఒకే పాటను రోజుకు పదిసార్లు వేసి మన చేత పాడించడం వెనుక ఉన్నదీ ఇదే కిటుకు. వ్యాపారం కోసం మన మీద వారు వాడుతున్నదాన్ని మన కోసం మనం ఎందుకు వాడుకోకూడదని, కొత్త సంగీతమేదైనా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు పూర్తిగా వినే దాకా తీర్పు చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. మూడుసార్లు విన్నా నచ్చనివి చాలా ఉన్నాయి. నచ్చకపోవడం నా హక్కు. కాకపోతే ఇప్పుడు ఆ హక్కు సంపాదించుకున్నాక వాడుతున్నాను.

ఈ నియమం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది బార్కాస్‌లో. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బారకాసులే ఆ పేటకు పేరయ్యాయి. మందీ తినడానికి వెళ్ళినప్పుడు హోటలులో ఒక స్త్రీ గొంతు అరబీలో పాడుతోంది. భోజనం అయిపోయినా ఆ పాట అవలేదు. కౌంటరు దగ్గర అడిగితే, "ఉమ్ కుల్సూమ్ హై సాబ్" అన్నారు, ఆమె ఎవరో తెలియనివాడు కూడా ఉంటాడా అన్నట్టు. ఈజిప్టు గాయని, 1975లో పోయారు. నెలనెలా మొదటి గురువారం రాత్రి కైరో రేడియోలో ఆమె పాడుతుంటే అరబ్బు దేశాలు పనులు ఆపుకునేవి. ఇంటికి వచ్చి విన్నాను. మొదటిసారి శ్రుతి తప్పినట్టు అనిపించింది, ఎందుకంటే మన రాగాల్లాంటి వారి మకామ్‌లలో మనకు రెండు స్వరాల మధ్య ఉన్నట్టు వినిపించే స్వరాలు ఉంటాయి. రెండోసారి, ఒకే పంక్తిని ఆమె పది రకాలుగా తిప్పి తిప్పి పాడడం, ప్రతిసారీ సభ కేకలు వేయడం గమనించాను. మూడోసారికి అర్థమైంది, ఇది మన కచేరీల్లో ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్! సాహిత్యం ఒక్క ముక్క తెలియకపోయినా, తరువాతి సంగతి కోసం ఎదురు చూడడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ బార్కాస్ నుంచే మర్ఫా కూడా వచ్చింది. బరాత్‌లలోనూ గణేశ్ నిమజ్జనంలోనూ మనం చెవులు మూసుకునే ఆ దరువు, యెమెన్ అరబ్బులూ ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ ఈ నగరానికి ఇచ్చినది. దాన్ని యాభై ఏళ్ళుగా ట్రాఫిక్‌లో భాగంగా విన్నాను తప్ప సంగీతంగా వినలేదు. డప్పు సంగతి ఇంకా ఘోరం. దాన్ని చావుకూ చాటింపుకూ కట్టేసి, వాయించే చేతుల కులాన్ని బట్టి దాని విలువ కట్టి, ఆ తరువాత మనకు "లయజ్ఞానం" ఉందని గొప్పలు చెప్పుకుంటాం. అభిరుచి అనేది చెవికి మాత్రమే సంబంధించినదని నేను ఇక నమ్మను. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర గురించి నేను తెలుసుకున్నది సినిమాలో ఆయన గొంతు వినిపించి, 2022లో పద్మశ్రీ ప్రకటించాక. ఆయన జిల్లా నాగర్‌కర్నూలు ఇక్కడికి మూడు గంటల దూరం. కైరో గాయని కోసం అంత వెతికినవాణ్ణి, శ్రీశైలం వెళ్ళే దారిలో ఉన్న వాద్యాన్ని పురస్కారం వచ్చేదాకా వినలేదు. బుర్రవీణ వాయించే నారాయణపేట దాసరి కొండప్ప విషయంలోనూ అంతే, 2024 పద్మశ్రీ జాబితా చదివితే గానీ తెలియలేదు.

రోజంతా అలసిపోయినవాడికి ఈ పరీక్షలెందుకని అడిగేవారున్నారు. న్యాయమే. జ్వరం వచ్చినప్పుడు నేనూ ఘంటసాలనే పెట్టుకుంటాను. చారన్నం తినే రోజు చారన్నమే తినాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం రాత్రి భోజనాల తరువాత ఒక ఏర్పాటు ఉంది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఒకటి వినిపిస్తుంది, నేను ఒకటి. మధ్యలో ఆపకూడదు, ఫోన్లు ముట్టకూడదు, ముఖం చిట్లించకూడదు. ఆఖరి నియమం నా కోసమే పెట్టింది. మొదటి వారం దక్కనీలో ఒక ర్యాప్ తెచ్చింది. రెండు నిమిషాలు కాగానే, "నాన్నా, నువ్వు వింటున్నట్టు నటిస్తున్నావు" అని పట్టేసింది. మరుసటి వారం అదే మళ్ళీ పెట్టించుకుని విన్నాను. ఒకడు దౌడు తీసినట్టు చెప్పుకుపోతుంటే, వెనుక నుంచి ఇద్దరు పంక్తి చివరి మాట అందుకుంటున్నారు. చిన్నప్పుడు మల్లన్న జాతరలో డోలు దరువు మీద ఒగ్గు కథకుడు కథ పరుగెత్తిస్తుంటే పక్కవాళ్ళు అందుకునే తీరు గుర్తుకు వచ్చింది. ఆ మాటే చెబితే ఒగ్గుకథ అంటే ఏమిటని అడిగింది. చుక్క సత్తయ్య రికార్డింగు పెట్టాను. మూడు వారాలుగా ఆమె ఫోనులో అది ఉంది. నేను ఎంతో ఇష్టంగా తెచ్చిన విఠల్‌రావు గజల్ మాత్రం ఆమెకు నిద్ర తెప్పించింది, ఆ సంగతి అయిపోయాకే చెప్పింది.

పోయిన ఆదివారం ఆమె వంతు వచ్చినప్పుడు నార్వే దేశపు మెటల్ బృందం ఒకటి పెట్టింది. గొంతు చించుకుని అరవడం, వెనుక యంత్రం తిరుగుతున్నట్టు డ్రమ్ములు. బుధవారం మెట్రోలో తార్నాక నుంచి అమీర్‌పేట దాకా ఇంకోసారి విన్నాను. రెండుసార్లూ తల నొప్పి వచ్చింది. ఎల్లుండి మూడోసారి.