సవరణ: ఏజాక్స్ చివరి క్షణాల కుండ వాటికన్‌లో లేదు

గ్రీకు వీరుడు ఏజాక్స్ గురించి ముందు పెట్టిన పోస్టులో, అతను ఆత్మహత్యకు సిద్ధపడుతున్న కుండ చిత్రం వాటికన్‌లో ఉందని, దాన్ని గ్రీకు నాటకకర్త సోఫోక్లీజ్ నాటకం ఆధారంగా గీశారని ఉంది. రెండూ సరికాదు.

ఆ కుండ ఫ్రాన్స్‌లోని బులోన్-సుర్-మేర్ మ్యూజియంలో ఉంది. వాటికన్‌లో ఉన్నది అదే కళాకారుడు ఎక్సెకియాస్ చేసిన మరో కుండ. అందులో మరో గ్రీకు వీరుడు అకిలీజ్, ఏజాక్స్ ఈటెలు పట్టుకునే కూర్చుని ఆట ఆడుతుంటారు. అకిలీజ్ నోటి దగ్గర ‘నాలుగు’ అని, ఏజాక్స్ దగ్గర ‘మూడు’ అని గ్రీకులో రాసి ఉంటుంది. ఆటలోనూ ఏజాక్స్‌ది వెనుకంజే!

ఎక్సెకియాస్ క్రీ.పూ. 6వ శతాబ్దం వాడు. సోఫోక్లీజ్ నాటకం వచ్చింది ఆ తర్వాతి శతాబ్దంలో. చనిపోయిన అకిలీజ్ ఆయుధాలు తనకు కాక తోటి గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌కి దక్కాయన్న అవమానంతో ఏజాక్స్ ప్రాణం తీసుకున్న కథ అంతకుముందే ప్రచారంలో ఉంది.

అప్పటి చిత్రకారులు ఎక్కువగా కత్తి మీద పడి ఉన్న శవాన్నే గీశారు. ఎక్సెకియాస్ అంతకు కాస్త ముందే ఆగాడు. ఏజాక్స్ ఒంటరిగా వంగి, నేలలో కత్తిని నిలబెడుతున్నాడు. నుదుటి మీద ముడతలు సన్నని గీతలుగా చెక్కి ఉన్నాయి. నా దృష్టిలో ఎక్సెకియాస్ గొప్పతనమంతా ఆ గీతల్లోనే ఉంది.