ఈ వయసులోనే వచ్చే నొప్పులు

పాతికేళ్ళ మనిషి నడుం నొప్పి అంటే ఇంట్లో మొదట వినిపించేది "ఈ వయసులో నీకు నొప్పులేమిట్రా?" అన్న ప్రశ్నే. దాని వెనకే వచ్చే మాటలు కూడా అందరికీ కంఠతా వచ్చినవే. రోజంతా ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే నొప్పి రాక ఏమొస్తుంది, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తే ఒళ్ళు హూనం కాదా, మీ వయసులో మేమైతే... అనేవాళ్ళకు ప్రేమ లేక కాదు. వాళ్ళు వేసుకున్న లెక్కే తప్పు. నొప్పులు పెద్ద వయసు సొత్తు, కుర్రవాళ్ళకు వచ్చాయంటే అది బద్ధకమో, అలవాట్లో, దిగులో అయ్యుండాలి అన్నది ఆ లెక్క. వైద్యం చెప్పేది ఇంచుమించు దీనికి ఎదురు. ఏళ్ళ తరబడి వెంటపడే కీళ్ళ జబ్బుల్లో, వెన్ను జబ్బుల్లో, ఒళ్ళంతా నొప్పులుగా కనబడే జబ్బుల్లో చాలావాటికి ఇరవైలు, ముప్ఫైలే ఆరంభం. వయసు తక్కువని తెలిసినప్పుడు అమ్మానాన్నలైనా, డాక్టరైనా ఇంకాస్త చెవి ఒగ్గి వినాలన్నది నా వాదన.

ముందు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ సంగతి చెప్పాలి. వెన్నెముకలోనూ, వెన్ను అడుగున అది కటి ఎముకలను కలిసే సాక్రోఇలియాక్ కీళ్ళలోనూ మన రోగనిరోధక వ్యవస్థే వాపు తెచ్చిపెట్టే జబ్బు ఇది. ఎక్కువగా ఇరవైల్లో మొదలవుతుంది. 45 దాటాక కొత్తగా రావడం అరుదు. మామూలు నడుం నొప్పికి ఉండే గుణాలన్నీ ఇందులో తిరగబడి ఉంటాయి. బరువెత్తి పట్టేసిన నడుం పడుకుంటే నెమ్మదిస్తుంది, ఇది పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపేస్తుంది. లేచి అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. పొద్దున్నే ఒళ్ళు బిగుసుకుపోయి, అరగంట పైన గడిస్తే గాని మాట వినదు. ఒక వారం కుడి పిర్రలో, ఇంకో వారం ఎడమ పిర్రలో పోటు పెడుతుంది.

నాకు బాగా తెలిసిన ఒక కుర్రాడు పొద్దున్నే సాక్స్ తొడుక్కోవడం చూశాను. మంచం అంచున కూర్చుని, వంగలేక, కాలిని రెండు చేతులతో పట్టి మోకాలి మీదికి లాక్కునేవాడు. సాక్స్ అంచు వేళ్ళకు తగిలించి, ఊపిరి బిగబట్టి పైకి లాగేవాడు. రెండో కాలు ఎత్తే ముందు కాసేపు ఆగేవాడు. అదే కుర్రాడు సాయంత్రం ఫుట్‌బాల్ ఆడి వచ్చేవాడు. "ఆటకు అడ్డం రాని నొప్పి సాక్స్‌కు వచ్చిందా నాయనా?" అని ఇంట్లో వేళాకోళం. జబ్బు ఆనవాలంతా ఆ వేళాకోళంలోనే ఉంది. కదిలితే తగ్గి, కదలకపోతే పెరిగే నొప్పి అది. ఇంటిల్లిపాదికీ అది నటనకు రుజువుగా కనిపించింది.

ఈ జబ్బులో మొదటి లక్షణం కనబడ్డాక పేరు తేలడానికి సగటున ఆరేడేళ్ళు పడుతోందని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక మనిషి చదువు, మొదటి ఉద్యోగం, బహుశా పెళ్ళి కూడా ఆ ఆరేడేళ్ళలోనే జరిగిపోతాయి. ఆలస్యానికి ఒక కారణం పరీక్షలే. ఆ కీళ్ళలో మార్పులు ఎక్స్‌రేకు అందడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఎమ్మారై ముందుగా పట్టిస్తుంది, అది కూడా సాక్రోఇలియాక్ కీళ్ళకు తీస్తేనే. సాధారణంగా తీసేది నడుముకు. వాపు ఉందో లేదో చెప్పే సీఆర్పీ రక్తపరీక్ష ఈ రోగుల్లో చాలామందికి మామూలుగానే వస్తుంది. హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యు గుర్తుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 1973లోనే బయటపడింది. కానీ ఆ గుర్తు ఉన్నవాళ్ళలో అత్యధికులకు ఈ జబ్బు ఎన్నటికీ రాదు, లేనివాళ్ళలో కొందరికి వస్తుంది. ఏ ఒక్క పరీక్షా దీన్ని తేల్చదు. తేల్చేది ముందుగా నొప్పి నడక. ఎప్పుడు మొదలైంది, ఏ వేళకు పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగే డాక్టరు కావాలి.

"రిపోర్టులన్నీ నార్మల్. నీకేం లేదు." ఈ రెండు మాటలనూ కలిపి చెప్పడం అలవాటైపోయింది. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కర్లేదు. వెతికిన చోట, వెతికినది దొరకలేదని మాత్రమే మొదటిదానికి అర్థం. ఇదే పొరపాటు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది, దాన్ని మనవాళ్ళు అసలు అనుమానించరు. నడుం నొప్పి అన్నదే ఎరగని మనుషుల స్కాన్‌లను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క తీశారు. ఇరవయ్యేళ్ళ వయసువాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అరుగుదల, 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించాయి. అంటే నొప్పి ఉన్న కుర్రాడికి స్కాన్ తీస్తే ఏదో ఒకటి దొరికే అవకాశం ఎలాగూ ఉంది. దొరికినదే కారణమని తీర్మానిస్తారు. "డిస్క్ జరిగిందట" అని వార్త చుట్టాలందరికీ చేరుతుంది. ఆటలు మానిపించి పడుకోబెడతారు. కదలాల్సిన నడుం మంచాన పడుతుంది.

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు లూపస్. దానికోసం చేసే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష కూడా ఇంతే. రక్తం నమూనాను 40 రెట్లు మాత్రమే పలుచన చేసి (1:40) చూస్తే పూర్తి ఆరోగ్యవంతుల్లోనే పదిమందిలో ముగ్గురికి పాజిటివ్ వస్తుంది. 160 రెట్లు పలుచన చేసినా (1:160) నూటికి అయిదుగురికి వస్తుంది. నొప్పి వివరం వినకుండా ఈ పరీక్ష రాసిస్తే ఆ ఇంట్లో కొన్ని నెలలు ఎవరికీ నిద్ర ఉండదు. అందుకే ప్యాకేజీలుగా అమ్మే ఒళ్ళంతా పరీక్షల మీద నాకు నమ్మకం లేదు. అవి డాక్టరుతో మాట్లాడే ఇరవై నిమిషాలకు బదులు కాలేవు.

అన్నీ పెద్ద పేర్లే కానక్కర్లేదు. డి విటమిన్ బాగా పడిపోతే ఎముకలు లోలోపల సలుపుతాయి, కుర్చీలోంచి లేవడానికీ మెట్లెక్కడానికీ తొడల్లో సత్తువ చాలదు. థైరాయిడ్ మందగించినా కండరాలు నొస్తాయి. మొటిమలకు మింగే ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఒళ్ళు నొప్పులు, నడుం నొప్పి తేవచ్చు. ముఖం కోసం మింగిన మందుకూ నడుముకూ సంబంధం ఏమిటని అది ఎవరూ డాక్టరుకు చెప్పరు. ఇక కీళ్ళు అతిగా వంగేవాళ్ళు ఉంటారు. చిన్నప్పుడు బొటనవేలిని ముంజేతికి ఆనించి చూపించి చప్పట్లు కొట్టించుకున్న పిల్లలే వీళ్ళు. ఇరవైలు వచ్చేసరికి భుజం జారుతుంది, మడమ మెలిక పడుతుంది, సాయంత్రానికి ప్రతి కీలూ పీకుతుంది. ఈ వంగుడును తొమ్మిది మార్కులకు లెక్కగట్టే బైటన్ స్కోరు అనే పద్ధతి ఉంది. సూది అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, గదిలో నిలబడి రెండు నిమిషాల్లో అయిపోతుంది. అయినా అడిగేవాళ్ళు తక్కువ.

ఆడపిల్లల విషయంలో ఈ నిర్లక్ష్యం రెట్టింపు. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిది మంది స్త్రీలే, అదీ ఎక్కువగా పదిహేనుకూ నలభై అయిదుకూ మధ్య వయసులో. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరికి ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే జబ్బు, ఉంటుంది. దాని నొప్పి పొత్తికడుపుతో ఆగదు, నడుముకూ తొడలకూ పాకుతుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనబడకపోవచ్చు. "నెలనెలా అందరికీ ఉండేదేగా, ఓర్చుకోవాలమ్మా" అన్న మాటతో అక్కడికి చర్చ ముగుస్తుంది. నెలలో ఏ రోజుల్లో నడుం నొస్తోందో క్యాలెండర్ మీద మూడు నెలలు గుర్తు పెట్టుకుంటే చాలు, డాక్టరుకు సగం దారి దొరుకుతుంది.

ఇవన్నీ వెతికాక కూడా ఏమీ దొరకనివాళ్ళు మిగులుతారు. అసలు గొడవంతా వీళ్ళ దగ్గరే. మూడు నెలలకు పైగా ఒళ్ళంతా నొప్పులు, నిద్రపోయి లేచినా అలసట, మనసు ఒక చోట నిలవకపోవడం ఉంటే ఫైబ్రోమయాల్జియా అంటారు. జనాభాలో రెండు నుంచి నాలుగు శాతం మందికి ఉంటుందని అంచనా. 1990 నాటి ప్రమాణాల ప్రకారం ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటేనే ఆ పేరు పెట్టేవారు. 2010లో ఆ నొక్కుడు లెక్క తీసేసి, నొప్పి ఎంత మేర పాకింది, నిద్ర ఎలా ఉంది, అలసట ఎంత అన్న ప్రశ్నలు పెట్టారు. గాయమూ వాపూ లేకుండా, నొప్పి కబురు మోసే నరాలూ మెదడూ ఆ కబురును పెద్దది చేయడం వల్ల పుట్టే ఈ రకానికి నోసిప్లాస్టిక్ నొప్పి అని 2017లో అంతర్జాతీయంగా పేరు పెట్టారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో ఇలాంటి దీర్ఘకాలిక నొప్పి దానికదే ఒక జబ్బుగా చోటు సంపాదించింది. కాబట్టి "ఏదీ దొరకలేదు గనక ఇది పెట్టారు" అని పెదవి విరవడం తగదు.

నిద్ర సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి, ఫోన్ మీద పడి ఏడ్చే పెద్దలకు కొంత న్యాయం చేయాలి గనక. హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం 1975లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఏ నొప్పీ లేని ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో పడుకోబెట్టి, గాఢనిద్రలోకి జారినప్పుడల్లా చప్పుడు చేసి పైకి లాగారు. కొన్ని రాత్రులకే వాళ్ళకు ఒళ్ళు నొప్పులు, కండరాలు ముట్టుకుంటే బాధ మొదలయ్యాయి. మళ్ళీ నిద్రపోనిస్తే తగ్గాయి. నిద్ర చెడితే నొప్పి వస్తుందన్నది నిజమే. అయితే నొప్పి వల్ల నిద్ర పట్టక ఫోన్ పట్టుకున్నవాడు కూడా బయటికి అలాగే కనబడతాడు. ఏది ముందో అడగకుండా ఫోన్ లాక్కుంటే తేలేదేమీ లేదు.

ఫైబ్రోమయాల్జియా లాంటి ఈ నొప్పుల వైద్యం విషయంలో ఇళ్ళల్లో పెద్ద తుఫాను రేగేది మందుల చీటీ చూశాక. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటి పేర్లు ఇంటర్నెట్‌లో వెతికి, "మావాడికి డిప్రెషన్ మాత్రలు రాశారు, వీడి నొప్పి అంతా మనసులోనే అంటున్నారు" అని తల్లి బెంగపడుతుంది. అవి నరాల్లో నొప్పి కబురు జోరు తగ్గించడానికి కూడా పనిచేస్తాయి. నొప్పికి అమిట్రిప్టిలిన్ ఇచ్చేది సాధారణంగా దిగులుకు ఇచ్చేదానికన్నా చాలా తక్కువ మోతాదులో. మందుల కంటే గట్టి ఆధారం ఉన్నది వ్యాయామానికే. మొదటి వారమే జిమ్‌లో ఒళ్ళు హూనం చేసుకుంటే రెండు రోజులు మంచం దిగలేరు, ఆ తర్వాత మళ్ళీ ఆ వైపు చూడరు. అయిదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, బాగున్న రోజున కూడా దాన్ని మించకుండా వారం వారం కొంచెం పెంచుకుపోవాలి. ఓపిక లేనివాళ్ళకు ఇది చప్పగా ఉంటుంది. మార్ఫిన్ జాతికి చెందిన ఓపియాయిడ్ మాత్రలు మాత్రం ఈ నొప్పికి మేలు చేయవు, అలవాటు మిగులుస్తాయి.

ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కంటికి కనబడేలా కీలు వాయడం, చేతిలోనో కాలిలోనో బలం పోవడం ఉంటే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్ను నొప్పి ఉన్నవాళ్ళకు ఒక కన్ను ఉన్నట్టుండి ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే కంటి డాక్టరుకు నడుం సంగతి కూడా చెప్పాలి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కొందరిలో కంటి దగ్గరే బయటపడుతుంది.

ఇక డాక్టరు గదిలో ఎవరు మాట్లాడాలన్నది మిగిలింది. పాతికేళ్ళ రోగి కుర్చీలో కూర్చుంటాడు, జవాబులన్నీ పక్కనున్న అమ్మ చెబుతుంది. ఎప్పటినుంచి అంటే అమ్మ, నిద్ర పడుతోందా అంటే అమ్మ, మందు తాగుతావా అంటే అమ్మ తరఫున నాన్న. మొదటి పది నిమిషాలు పెద్దవాళ్ళు బయట కూర్చోవాలని నేనంటే మొన్నొక స్నేహితురాలు నొచ్చుకుంది. "మా దగ్గర వాడికి దాపరికాలేముంటాయండీ?" అంది. రియాక్టివ్ ఆర్త్రైటిస్ అని ఒకటి ఉంది. పేగుల్లోనో, జననాంగాల్లోనో ఇన్ఫెక్షన్ సోకిన ఒకటి నుంచి నాలుగు వారాలకు మోకాళ్ళు, మడమలు వాచి నొస్తాయి. ఎక్కువగా వచ్చేది ఇరవై నుంచి నలభై మధ్య వాళ్ళకే. అది తేలాలంటే డాక్టరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దానికి నిజమైన జవాబు అమ్మ పక్కన కూర్చుంటే రాదు.