సవరణ: మోరి గీసిన రేఖ ప్రయోగ ఫలితం కాదు

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగు ఉపాధ్యాయుల కోసం ఇంతకుముందు పెట్టిన పోస్టులో ఒక తప్పు ఉంది. దాదాపు మనిషిలాగే ఉండి ఎక్కడో తేడా కనిపించే రోబోను చూస్తే జనానికి వెగటు పుడుతుందని జపాన్ ఆచార్యుడు మసాహిరో మోరి 1970లో ప్రయోగం చేసి నిరూపించారని రాశాను. ఆయన రాసింది ఒక వ్యాసం. రోబో మనిషిని పోలేకొద్దీ దాని మీద ఇష్టం పెరిగి, దాదాపు మనిషిలా అయిన చోట లోయలా పడిపోతుందని అందులో చూపిన రేఖ ఆయన ప్రతిపాదన మాత్రమే. మనుషుల స్పందనలను కొలిచి గీసింది కాదు. 2012లో వచ్చిన అధీకృత ఆంగ్లానువాదంలో ఇది స్పష్టంగా ఉంది.

తర్వాత పరీక్షించిన వారికి ఒకే ఫలితం రాలేదు. కొందరికి ఆ లోయ కనిపించింది, కొందరికి లేదు. మనుషులు రోబోలతో ఎలా మెలుగుతారో చూసే ఈ రంగంలో చాలా అధ్యయనాలు కొద్దిమంది విద్యార్థులతో, రోబోతో ఒకే ఒక్క భేటీతో ముగుస్తాయి. కొత్త వస్తువు మీది మోజు తగ్గాక అదే ఇష్టం నిలుస్తుందా అన్నది అక్కడ తేలదు. ఇలాంటి అధ్యయనాల్లో రోబోను చాటు నుంచి మనిషే నడిపించడమూ ఒక గుర్తింపు ఉన్న పద్ధతే, కానీ ఆ సంగతి రాయకపోతే చదివేవారు యంత్రానికి లేని తెలివిని అంటగడతారు.

సైన్సు ప్రదర్శనకు పిల్లలు ఆ రేఖను అట్టల మీద గీస్తున్నారట. మాన్పించవద్దు. కింద ‘ప్రతిపాదన, 1970’ అని రాయించండి.