ఫార్వర్డ్ మెసేజ్‌లో మాట్లాడుతున్నది ఎవరు?

‘రేపు జిల్లాలోని అన్ని పాఠశాలలకు సెలవు. కలెక్టర్ ఆదేశం.’ బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే చాలు, ఆంధ్ర సరిహద్దున ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోకి ఇలాంటి స్క్రీన్‌షాట్ వచ్చి పడుతుంది. వార్త అబద్ధం కాదు. కలెక్టర్ నిజంగానే సెలవు ఇచ్చారు. కాకపోతే ఇచ్చింది శ్రీకాకుళం కలెక్టర్. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు పై వరస కత్తిరించడంతో జిల్లా పేరు ఎగిరిపోయింది. సరిహద్దుకు ఆంధ్ర వైపు పాతపట్నంలో ఉన్న అక్క పంపింది కదా అని పర్లాకిమిడిలో తమ్ముడు పిల్లల్ని బడి మాన్పిస్తాడు. ఇక్కడ పోయింది ఒక రోజు చదువే. తుపాను హెచ్చరికలోనూ ఇదే పొరపాటు జరిగితే ప్రాణం మీదికొస్తుంది.

తప్పుడు వార్తల గురించి మాట్లాడేటప్పుడు మనం నిజమా, అబద్ధమా అన్న దగ్గరే ఆగిపోతున్నాం. మాటతో ఎలా ఒప్పిస్తారో పరిశీలించే వాగ్ధాటి శాస్త్రం (రెటరిక్) అడిగే ప్రశ్నలు వేరు: చెబుతున్నది ఎవరు, ఎవరికి, ఏ సమయంలో, వినేవాడి మనసులో అప్పటికే ఉన్న దేనిని ఆసరా చేసుకుని? క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఒప్పించే శక్తికి మూడు ఆధారాలు చూపించాడు. చెప్పేవాడి మీద గురి, వినేవాడిలో కలిగే భావావేశం, మాటలోని తర్కం. ఆ గురి కూడా వక్తకు అంతకుముందే ఉన్న పేరుప్రతిష్ఠల వల్ల కాకుండా, అతను మాట్లాడే తీరు నుంచే పుట్టాలన్నాడు. ఫోన్లో జరిగేది సరిగ్గా తలకిందులు. మెసేజ్ చదవకముందే పైన ‘పెద్దమావయ్య’ అన్న పేరు కనబడుతుంది. నమ్మకం అక్కడే కుదిరిపోతుంది.

మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా పట్టుకుంది. గౌతముడి న్యాయసూత్రాలు ఆప్తవాక్యాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను, ప్రమాణంగా, అంటే నిజం తెలుసుకునే ఒక మార్గంగా ఒప్పుకున్నాయి. ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం ప్రకారం ఆ చెప్పేవాడికి విషయం స్వయంగా తెలిసి ఉండాలి. తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరికా ఉండాలి. మావయ్య ఫార్వర్డ్‌లో రెండోది నిండుగా ఉంది. మన మేలు కోరే పంపాడు. మొదటిదే లేదు. ఆయన ఏదీ చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఆయన ప్రేమను మనం ఆయనకున్న సమాచారంగా లెక్కేసుకుంటున్నాం. నా దృష్టిలో వాట్సాప్ వదంతులకు అసలు బలం ఇక్కడే ఉంది. మోసగాడి తెలివికి అందులో వాటా తక్కువ.

దీనికి మూల్యం మనం చూశాం. మహారాష్ట్రలోని ధూళె జిల్లా రాయిన్‌పాడాలో 2018 జులై 1న సంచార జాతికి చెందిన ఐదుగురిని, వాట్సాప్‌లో తిరిగిన వదంతులు నమ్మి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అనుమానించి జనం కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ అనే గుర్తు తెచ్చింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు చేతులు మారి జంట బాణాల గుర్తు పడిన మెసేజ్‌ను ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. ఇవన్నీ వేగాన్ని తగ్గించాయి. మాట ఎవరి నోట పుట్టిందో మాత్రం ఆ జంట బాణాలు చెప్పవు.

అరిస్టాటిల్ చెప్పినవాటిలో మన సరిహద్దుకు బాగా పనికొచ్చేది ఇంకోటుంది. మంచి వక్త వాదన మొత్తం చెప్పడు, ఒక మెట్టు వదిలేస్తాడు. వినేవాడు దాన్ని తనకు తెలిసినదానితో పూరించుకుంటాడు. ‘తీరానికి తుపాను’ అని వార్త వస్తుంది. ‘తుపాను ముప్పు సముద్రం పక్కన ఉన్నవాళ్లకే’ అన్న మెట్టు మనమే వేసుకుంటాం. గజపతి జిల్లాకు సముద్రతీరమే లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. కానీ గజపతి జిల్లా బరఘరలో గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. లోపలి కొండ ఊళ్లకు తుపాను అంటే ప్రధానంగా వాన, బురద, జారే కొండ. హెచ్చరిక ఆ మాట విడమరిచి చెప్పకపోతే వినేవాడు తన పాత ఊహతోనే ఖాళీ నింపుకుంటాడు.

దీనికి తోడు సరిహద్దు. ఆంధ్ర వైపు హెచ్చరికలు విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం చూస్తుంది, ఒడిశా వైపు భువనేశ్వర్ కేంద్రం. పర్లాకిమిడి తెలుగువాడికి అర్థమయ్యే భాషలో వచ్చేది పక్క రాష్ట్రం సమాచారం. వర్తించే సమాచారం ఒడియాలో. ఒడియా చదవలేని పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారు. చదువు జనం మాట్లాడే మాటలో ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పనిచేసిన ఊరిది. ఈ కొండల్లోని సవర గిరిజనుల భాష ఆయన నేర్చుకున్నదీ ఇక్కడే.

చదివేవాళ్లకు ఒక ఆనవాలు ఉంది. ‘మండలం’ అని ఉంటే అది ఆంధ్ర మెసేజ్. ‘బ్లాక్’ అని ఉంటే ఒడిశాది. పంపినవాళ్లు పెద్దవాళ్లైనా సరే, ‘మావయ్యా, ఇది ఏ జిల్లాది, మీకు ఎవరు చెప్పారు?’ అని అడగడం అమర్యాద కాదు. కానీ భారమంతా చదివేవాడి మీద వేయడం అన్యాయం. రెండు జిల్లాల యంత్రాంగాలూ జిల్లా పేరు, తేదీ మొదటి వాక్యం మధ్యలోనే రాయాలి, ఎలా కత్తిరించినా పోకుండా. గజపతి యంత్రాంగం కొండ ఊళ్లకు ప్రత్యేకంగా కొండచరియల గురించి ఒడియా, తెలుగు, సవర భాషల్లో, తెలిసిన స్థానిక అధికారి గొంతుతో, పేరూ హోదా చెప్పి వాయిస్ మెసేజ్ పంపాలి. అక్టోబరు రాకముందే ఆ రికార్డింగులు సిద్ధం చేసి పెట్టుకోవచ్చు.