ఈశాన్యంలో నది, నైరుతిలో కాలువ

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా బావమరిది పడవ కొన్నాడు. నారోబోట్ అంటారు దాన్ని. 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు. ఎవరింట్లోంచో నడవా ఒక్కదాన్ని ఊడబెరికి నీళ్లలో పడేసినట్టు ఉంటుంది. ఆ వెడల్పులో వాడి ఇష్టం ఏమీ లేదు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు కాలువల మీద లాకులు (నీళ్లు నింపి, వదిలి పడవల్ని పైకీ కిందకీ దాటించే తలుపుల తొట్లు) ఇరుగ్గా కట్టించాడు, ఇక అప్పట్నుంచి ఆ దేశంలో నారోబోట్లన్నీ ఆ మహానుభావుడి కొలతకే పుడుతున్నాయి.

"స్వేచ్ఛ కోసం కొన్నాను బావా, ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చు" అన్నాడు ఫోన్లో. సంతోషించాను. మర్నాడు మళ్లీ ఫోన్. "బావా, దీన్ని ఎక్కడ కట్టెయ్యాలంటావ్?"

గేదెను కొన్నా ముందు గుంజే పాతుకోవాలి, నిజమే. కానీ గేదెను కొన్నవాడెవడూ స్వేచ్ఛ కోసం కొన్నానని చెప్పగా నేను వినలేదు.

పడవ కట్టుకునే ఆ చోటును మూరింగ్ అంటారు. నది ఒడ్డున మూరింగ్ తీసుకోవాలా, కాలువ గట్టున తీసుకోవాలా అన్నది విహార పడవలున్నవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు. దేశంలో ఇంతకన్నా పెద్ద సమస్యలు ఉన్నాయని కొందరంటారు, వాళ్లకి పడవలు లేవు. నాకూ లేదనుకోండి, అందుకే ఈ విషయంలో నా అభిప్రాయాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మీరు అనుకోవచ్చు గానీ, సోమలింగం గురించి నిష్పక్షపాతంగా మాట్లాడగలిగేది నాలాంటివాడే కదా.

సరే, ముందు ఆఫీసుల సంగతి. నీరు పల్లమెరుగు అన్నారు, లైసెన్సు మాత్రం ఆఫీసునే ఎరుగు. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలూ నదులూ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూసుకుంటుంది, 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ చేతుల్లోంచి తీసుకుంది. సముద్రపు పోటు తగలని థేమ్స్ మాత్రం ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది. అక్కడ వీళ్ల కాగితం చెల్లదు, ఇక్కడ వాళ్ల కాగితం చెల్లదు, రెండుచోట్లా తిరగాలంటే గోల్డ్ లైసెన్స్ అని ఇంకొకటుంది. ట్రస్టు దగ్గరే మళ్లీ నదులకు మాత్రమే పనికొచ్చే లైసెన్సు ఒకటి, కాస్త చవక. ఎందుకు చవకో మా బావమరిదికి అప్పట్లో తెలియదు. చవకగా ఉందనే సోర్ నది మీద మూరింగ్ తీసుకున్నాడు, లెస్టర్ దగ్గర.

వేసవిలో చూడాలి నదిని. విల్లో చెట్ల నీడ, హంసలు, సాయంత్రం నీళ్ల మీద ఎండ. వాడు పంపిన ఫొటోలు చూసి మా ఆవిడ (అంటే వాడి అక్క) నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను వాస్తు గురించి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

ఎందుకంటే నదిలో పడవను మనిష్టం వచ్చిన దిక్కుకి తిప్పి కట్టడానికి లేదు. ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి కట్టాలి, లేకపోతే నీటి తోపు వెనకనుంచి తగిలి తాళ్ల మీద భారం తప్పుగా పడుతుంది. సోర్ నది దక్షిణాన్నుంచి ఉత్తరానికి పారుతుంది. కాబట్టి ముక్కు దక్షిణానికి, తోక ఉత్తరానికి. పాయిఖానా పడవ వెనకభాగంలో ఎడమవైపుంది. లెక్క వేసుకోండి. దక్షిణముఖంగా నిలబడితే ఎడమచెయ్యి తూర్పు. వెనక అంటే ఉత్తరం.

"ఈశాన్యంలో పాయిఖానానా!" అని మా ఆవిడ మంచం మీద కూలబడింది. నది ఎటు పారాలో నిర్ణయించిన భగవంతుడికి వాస్తు తెలియదా అని నేను ఒక పాయింటు లేవదీశాను గానీ, ఆ పూట మా ఇంట్లో ఎవరూ తర్కానికి సిద్ధంగా లేరు.

వాస్తు పని చేస్తుందో లేదో నాకు తెలియదు, నవంబరు మాత్రం బాగా పని చేస్తుంది. నేను వెళ్లి వాడింట్లో ఉన్న వారమే సరిగ్గా వాన మొదలైంది. వాన పడితే కాలువ నీళ్లు మత్తడి మీదుగా పక్కకు పోతాయి, మట్టం పెద్దగా మారదు. నది అలా కాదు, పైన ఎక్కడో పొలాల్లో పడ్డ వానంతా దాన్లోకే వస్తుంది. 2000 నవంబరులో యార్క్ పట్టణంలో ఊజ్ నది మామూలు మట్టం మీద 5.4 మీటర్లు లేచింది. ఆ నీళ్లలో మీ పడవ ఒడ్డుకు బిగించి కట్టి ఉందనుకోండి, నీరు పైకి లేస్తుంది, తాడు లేవనివ్వదు, పడవ ఓపక్కకి ఒరిగి, పక్కనున్న బెజ్జాల్లోంచి నీళ్లు తాగి మునుగుతుంది. పోనీ వదులుగా కట్టారనుకోండి, అది లేచి లేచి ఒడ్డెక్కి పచ్చికలోకి వెళ్తుంది, తెల్లారి నీరు తీశాక అక్కడే గట్టు మీద ఒరిగి పడుకుని ఉంటుంది, దాన్ని దింపడానికి క్రేను. బిగువుకీ వదులుకీ మధ్య ఒక సరైన కొలత ఉంది, అది గంటగంటకీ మారుతుంటుంది. నీటితోపాటు లేచే తేలుడు వేదికలున్నచోట ఈ గొడవ లేదు, నిలువు స్తంభాలకు జారే రింగులు పెట్టినచోటా లేదు. మావాడిది చవక మూరింగ్ అని ముందే చెప్పాను కదా.

రాత్రి రెండింటికి లేపాడు. కారేసుకుని వెళ్లాం. నుదుటికి లైటు కట్టుకుని, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని, గట్టు ఎక్కడ అయిపోతుందో నది ఎక్కడ మొదలవుతుందో తెలియని నీళ్లలో, చీపురుకర్రతో నేలను పొడుచుకుంటూ నడిచాం. మోకు తడికి ఉబ్బి, ముడి రాయిలా అయిపోయింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

"బావా, గుంజ కనిపించడంలేదు."

"గుంజ ఎక్కడికీ పోలేదురా, నదే పైకొచ్చింది."

"తాడు మాత్రం నీళ్లలోకి పోతోంది."

"అయితే దాని చివర ఉంటుంది, వెతుకు."

చంకలదాకా చెయ్యి ముంచి ఆ ముడి విప్పేసరికి నాకు ఒక విషయం స్పష్టమైంది. నదుల లైసెన్సు అంత చవక ఎందుకో ఇప్పుడు అడగనవసరం లేదు. థేమ్స్ మీదైతే లాకుల దగ్గర బోర్డులు పెడతారు, ప్రవాహం పెరుగుతుంటే పసుపు, ఉధృతంగా ఉంటే ఎరుపు. ఎర్ర బోర్డు ఉన్నన్నాళ్లూ పడవ కదల్చకుండా కూర్చోమని సలహా. స్వేచ్ఛ కోసం కొన్న పడవలో కూర్చుని బోర్డు రంగు మారడం కోసం చలికాలమంతా ఎదురుచూడవచ్చు. మా ఊళ్లో ఆర్టీసీ బస్టాండులో కూర్చునే వాళ్లు ఇంత ఖర్చు పెట్టరు.

కాలువ పక్షం వాళ్లకు ఇదంతా వింటే ఎంత ఆనందమో. కాలువలో నీరు నడుంలోతు, పడితే లేచి నిలబడ్డమే, మునిగినా టాప్ మీద కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు అంటారు. నిజమే. జనవరిలో మావాడు వాళ్ల మాట విని కాలువ గట్టుకి మారాడు. ఒక రైతు తన పొలం అంచున ఇచ్చిన చోటు. కాలువకి ప్రవాహం లేదు గనక వాస్తు ప్రకారం ఎటైనా తిప్పుకోవచ్చని మా ఆవిడకు ఆశ పెట్టాడు. తిప్పడానికి మాత్రం 57 అడుగుల పడవ తిరిగేంత వెడల్పు కాలువకు లేదు. తిరగడానికని అక్కడక్కడా గట్టును వెడల్పు చేసి ఉంచుతారు. మావాడికి దగ్గర్లో ఉన్నది రెండు లాకుల అవతల. పడవల వేగం గంటకు 4 మైళ్లు మించకూడదు, కట్టి ఉన్న పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంజను దాదాపు నిద్రపోవాలి, ఒక్కో ఇరుకు లాకు నింపి వదలడానికి లక్ష లీటర్లకు పైనే నీరు. పాయిఖానా ఈశాన్యంలోంచి నైరుతికి మారడానికి ఒక ఆదివారం, వెళ్లే రెండు లాకులకూ వచ్చే రెండు లాకులకూ కలిపి నాలుగు లక్షల లీటర్ల నీళ్లు పట్టాయి. నైరుతీ అంత మంచిది కాదట, కానీ ఈశాన్యం మీద పడిన పాపం కన్నా తక్కువ.

దారిలో ప్రొపెల్లర్ ఆగిపోయింది. పడవ వెనక ఒక మూత ఉంటుంది, దాన్ని తీసి చన్నీళ్లలోకి చెయ్యి పెట్టి చిక్కుకున్నదాన్ని కోసి తియ్యాలి. సంచులు, తాళ్లు, ఒక్కోసారి పరుపు కూడా వస్తుంది. వీడికి చీర వచ్చింది. అక్కడి పడవలవాళ్లకి ఇది కొత్తేం కాదు, మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్ల చుట్టుపక్కల ప్రొపెల్లర్లకి చీర చుట్టుకోవడం వాళ్లకి బాగా తెలిసిన బాధే. అరగంట కత్తిరించి, వణుకుతూ అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. "పట్టా, సింథటికా?" అని అడిగింది.

కాలువ గట్టున జీవితం ప్రశాంతం అన్నది ఎవరన్నారో గానీ వాళ్లు అక్కడ పడుకోలేదు. నేను పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి టకటకా టకటకా ఎవరో ఇనప గోడను గోటితో కొడుతున్నట్టు చప్పుడు. దొంగలనుకున్నా. బాతులు. పడవ అంచున నీటిగీత వెంబడి పట్టిన నాచును తింటున్నాయి. నాచు తినడానికి అంత చప్పుడు ఎందుకో వాటికే తెలియాలి. తర్వాత అవతలి గట్టు మీద పరుగెత్తేవాళ్లు, ఆపై సైకిళ్లు, ఆపై కాలువకి అడ్డంగా పొడవాటి గాలం పట్టుకుని కూర్చునే ఒక పెద్దమనిషి. పడవ వస్తుంటే ఆయన గాలం ఎత్తుతాడు, కానీ చివరి క్షణంలో, మన మొహం చూడకుండా, పెళ్లిలో దాయాదికి దారి ఇచ్చినట్టు ఎత్తుతాడు.

ఆ మధ్యాహ్నం ఎవడో వేగంగా పోయాడు. అలా పోయినప్పుడు ఇరుకు కాలువలో నీరంతా వాడి వెనక పీల్చుకుపోతుంది, కట్టి ఉన్న పడవలు ముందుకీ వెనక్కీ గుంజుకుంటాయి. బురదలో దిగ్గొట్టిన మేకు కాస్తా ఊడొచ్చింది. మేము లోపల టీ తాగుతున్నాం. కిటికీలోంచి చూస్తే గట్టు నెమ్మదిగా దూరంగా పోతోంది. పడవ కాలువకి అడ్డంగా తిరిగి, రోడ్డు మధ్య పడుకున్న ఆంబోతులా నిలబడింది, అటొక పడవ, ఇటొక పడవ, అందరూ ఎంతో మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడారు. ఇంగ్లీషువాళ్లు తిట్టడంలేదంటే ఎంత తిట్టుకుంటున్నారో ఊహించుకోవచ్చు.

కాలువలో నీళ్లెప్పుడూ ఉంటాయన్న నమ్మకం కూడా అమాయకత్వమే. 2025 వేసవిలో జలాశయాలు అడుగంటి లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువలో పెద్ద భాగాన్ని రాకపోకలకు మూసేశారు. 2018 మార్చిలో మిడిల్‌విచ్ దగ్గర ఎవరో లాకు తూములు మూయకుండా వదిలేస్తే నీరు పొంగి గట్టు తెగింది, మళ్లీ తెరిచేసరికి డిసెంబరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1978 నాటిది. రెట్‌ఫర్డ్ దగ్గర చెస్టర్‌ఫీల్డ్ కాలువలో పూడిక తీస్తున్న పనివాళ్లకి అడుగున ఒక గొలుసు తగిలింది, లాగారు, చివర ఒక చెక్క బిరడా ఊడొచ్చింది, కాలువలో ఆ భాగమంతా ఖాళీ అయి పక్కనున్న ఐడిల్ నదిలోకి పోయింది. స్నానాల తొట్టి లాగే. కాలువ పక్షంవాళ్లు ఈ కథను నవ్వుతూ చెప్తారు, నది పక్షంవాళ్లు మాత్రం చాలా సీరియస్‌గా చెప్తారు.

ఏదీ తేల్చుకోలేనివాళ్లను చట్టం గాలికి వదిలెయ్యలేదు. 1995 బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం పడవకి సొంత మూరింగైనా ఉండాలి, లేదా ఏ ఒక్కచోటా 14 రోజులు మించి ఆగకుండా నిజంగా ప్రయాణం చేస్తూనైనా ఉండాలి. గుంజ ఎక్కడ పాతాలో తెలియకపోతే తిరుగుతూ ఉండమని ఒక దేశపు పార్లమెంటు తీరిగ్గా కూర్చుని రాసిపెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి అలా తిరిగేవాళ్ల లైసెన్సు మీద అదనంగా వసూలు చేస్తున్నారు. తేల్చుకోలేనితనం మీద పన్ను వేసిన మొదటి వ్యవస్థ ఇదేనని నా అనుమానం. ఆ పద్ధతి ఇక్కడికీ వస్తే మా ఇంటి బడ్జెట్ తట్టుకోలేదు.

మావాడు చివరికి ఏం చేశాడంటే, నదీ వద్దు కాలువా వద్దని మెరీనాలో చోటు తీసుకున్నాడు. కాలువ పక్కన తవ్విన పెద్ద చెరువు, కారు పార్కింగు, కరెంటు, పాయిఖానా ట్యాంకు ఖాళీ చేయించుకునే మిషను. పక్క పడవకీ మనకీ మధ్య మూడడుగుల చెక్క దారి. ముక్కు ముందుకి పెట్టి కట్టుకోవచ్చు, వెనక్కైనా పెట్టుకోవచ్చు, తిప్పడానికి చోటుంది. ఎవరూ అడగరు. ఇన్నాళ్లకు ముక్కు ఉత్తరానికి పెట్టి, పాయిఖానాని నైరుతిలో స్థిరపరిచి, ఫొటో తీసి అక్కకు పంపాడు. ఆవిడ ఫొటో పెద్దది చేసి చూసింది.

"పక్క పడవ అటు తిరిగి ఉందేంట్రా?"

పక్కనున్న తెల్లాయన ముక్కు దక్షిణానికి పెట్టుకున్నాడు. ఆయన పాయిఖానా సరిగ్గా మనవాడి ఈశాన్యంలో, మూడడుగుల దూరంలో. ఆయనకి ఎలా చెప్తావురా అన్నాను. చెప్పేశాను బావా అన్నాడు. ఏమన్నాడు అన్నాను. ఆయన రిటైరైన మనిషట, శ్రద్ధగా విని, లోపలికి వెళ్లి ఇత్తడి దిక్సూచి ఒకటి, పాత మ్యాపు ఒకటి పట్టుకొచ్చి, తన పడవలో వంటిల్లు ఎక్కడుండాలో అడుగుతున్నాడట. రెండు గంటలైంది, ఇద్దరూ ఇంకా చెక్క దారి మీదే కూర్చుని ఉన్నారు.